పడగ మీద ఒకటే పాదం

ముప్పై ఏళ్ళు పాములకు వైద్యం చేశాను. ఒక్క పామూ నన్ను కరవలేదు. రిటైరయిన రోజు క్లినిక్‌లో కేక్ కోస్తూ ఈ మాటే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడది గుర్తొస్తే సిగ్గేస్తుంది. తాను కాటు పడకుండా తప్పించుకోవడం ఈ ఉద్యోగంలో చిన్న సంగతి. మన నోరు మూసుకున్నందుకు ఇంకొకరి చెయ్యి పోకుండా చూసుకోవడం పెద్ద సంగతి. ఆ పెద్దది నాకు చేతకాలేదు.

ఈ మధ్య ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు వెటర్నరీ కాలేజీల్లో చేరుతున్నారు. "ఆంటీ, రెప్టైల్స్ వైపు వెళ్దామనుంది, ఏమైనా చెప్తారా" అని అడుగుతున్నారు. వాళ్ళకోసమే ఇది. తెలుగు చదవడం రానివాళ్ళకు వాళ్ళ అమ్మలు చదివి వినిపిస్తారు. అమ్మలు కూడా వినాల్సిన సంగతే.

వాల్ట్ ఎర్ర పెన్ను

తిరుపతిలో నేను చదివింది ఆవులూ గేదెలూ గొర్రెల వైద్యం. అమెరికా వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ రాసి, ఇల్లినాయి రాష్ట్రం అరోరాలో ఒక చిన్న క్లినిక్‌లో చేరేసరికి ముప్పై రెండేళ్ళొచ్చాయి. దాని యజమాని వాల్ట్. అరవైకి దగ్గరపడిన మనిషి, మాట పొదుపు. కుక్కల్నీ పిల్లుల్నీ అందరూ చూస్తారు, మనం మిగిలినవాటిని చూద్దాం అనేవాడు. మిగిలినవంటే చిలకలు, తాబేళ్ళు, ఉడుములు, పాములు.

విషప్పాము వస్తే వాల్ట్‌కి ఒక పద్ధతి ఉండేది. తెచ్చినవాడు ముందు దాని జాతి పేరు సొంత చేత్తో కాగితం మీద రాయాలి. తరవాత మేమిద్దరం, ఎప్పుడూ ఇద్దరం, కొంకి కర్రతో పెట్టె తెరిచి చూసేవాళ్ళం. కాగితం మీదున్నదీ పెట్టెలో ఉన్నదీ ఒకటి కాకపోతే వాల్ట్ ఎర్ర పెన్నుతో కొట్టేసి, సరైన పేరు రాసి, యజమాని చేత పైకి చదివించేవాడు. మమ్మల్ని స్కూలు పిల్లల్ని చేశావంటూ కొందరు కస్సుమనేవాళ్ళు. వాల్ట్ పట్టించుకునేవాడు కాదు. ఆ కాగితం ఇంట్లో పంజరానికి అంటించి, ఫోటో తీసి చూపిస్తేనే రెండోసారి అపాయింట్‌మెంట్. పంజరం మీది పేరు పాము కోసం కాదు, నీకోసమూ కాదు, నువ్వు మాట్లాడలేని రోజున ఇంకొకరు చదవడానికి అని ప్రతివాడికీ చెప్పేవాడు.

నేను చేరిన మొదటి చలికాలంలోనే ఒకతను దిండు గలీబులో కాపర్‌హెడ్ అనే విషప్పామును తెచ్చాడు. రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగిందనీ, పాము చచ్చిపోయిందనీ, ఎందుకు చచ్చిందో కోసి చెప్పమనీ ఏడుస్తున్నాడు. పెద్దమనిషి ఏడుస్తుంటే చూడలేక గలీబులో చెయ్యి పెట్టబోయాను. వాల్ట్ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. పామును వెచ్చటి దీపం కింద పెట్టాం. అరగంటకి నాలుక బయటికి వచ్చింది.

"చచ్చిందని నీకెవరు చెప్పారు?" అన్నాడు వాల్ట్.

ఓనరే చెప్పాడన్నాను.

"అతను దాన్ని ప్రేమిస్తున్నాడు. ప్రేమించేవాళ్ళ మాట మీద డయాగ్నోసిస్ రాయకు."

పర్మిట్ లేకుండా విషసర్పాన్ని ఇంట్లో పెంచడం మా రాష్ట్రంలో నేరం. అలాంటివాళ్ళు వస్తే వాల్ట్ ఒక్కసారి వైద్యం చేసేవాడు. తరవాత పామును అప్పగించాల్సిన సర్కారు ఆఫీసు అడ్రసు రాసిచ్చి రెండు వారాలు గడువు పెట్టేవాడు. ఈలోగా పామును అప్పగించకపోతే తనే ఫోన్ చేసేవాడు. పామును చూస్తాను గానీ దాచను అనేవాడు. అప్పట్లో అది రాతిగుండె అనిపించింది నాకు. నా చేతికి క్లినిక్ వచ్చాక ఇంత కటువుగా ఉండనులే అనుకున్నాను. ఉండలేదు.

పెంచేవాళ్ళు

విషప్పాములు పెంచేవాళ్ళంటే ఒళ్ళంతా పచ్చబొట్లున్న మొండివాళ్ళనుకుంటారు. నేను చూసినవాళ్ళలో ఒక నర్సు, ఒక చర్చి పియానో మాస్టారు, పన్నుల లెక్కలు చూసే ఆయన ఉన్నారు. అందరూ శుభ్రమైనవాళ్ళు, ఓపికున్నవాళ్ళు. మొదటి ఏడాది వాళ్ళకేమీ కాదు, ఎందుకంటే భయముంటుంది. నాలుగో ఏడాదికి భయం పోయి అలవాటు వస్తుంది. కాట్లన్నీ అప్పుడే.

పాము మాత్రం నాలుగేళ్ళయినా ఎవరినీ గుర్తుపెట్టుకోదు. నన్ను ఎరుగును, నా చేతిని ఎరుగును అని చెప్పేవాణ్ణి నమ్మకండి. విషం తిత్తులు తీసేయమని బతిమాలేవాళ్ళు వస్తారు, చేయకండి. అది పాముకు హింస, మనిషికి దొంగధైర్యం.

నేను అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. మీరు మూడు వారాలు ఊరెళ్తే దీనికి నీళ్ళెవరు పెడతారు? ఎక్కువమంది దగ్గర జవాబుండదు. ఇంటివాళ్ళకు చెప్పరు, పక్కవాళ్ళకు చెప్పరు, అద్దె ఇంటి యజమానికి అసలే చెప్పరు. విషానికి విరుగుడు మందు మూలనున్న ఫార్మసీలో దొరకదు. పరదేశపు పాములకైతే కొన్ని జంతు ప్రదర్శనశాలలు తమ పనివాళ్ళకోసం దాచుకుంటాయి. అది వేరే రాష్ట్రం నుంచి రావాలి. ఏ పాముకు ఏ మందో అదే రావాలి.

సుధీర్ అనే మన తెలుగు కుర్రాణ్ణి కూడా అదే ప్రశ్న అడిగాను. "మీరున్నారుగా ఆంటీ" అని నవ్వాడు.

మన నాగుపాము

సుధీర్ గుంటూరు జిల్లావాడు, సాఫ్ట్‌వేర్, హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు. అరోరాలో ఇల్లు కొన్న కొత్త. ఒక సాయంత్రం క్లినిక్ మూసేముందు వచ్చి, కారులో పెట్టె ఉంది, లోపలికి తేవచ్చా అని అడిగాడు. పొర సరిగా ఊడక కళ్ళమీద అంటుకుపోయిన త్రాచు. ఎక్కడో రెప్టైల్ షోలో చేతులు మారి వచ్చిందట. అమ్మినవాడు ఇండియన్ కోబ్రా అని చెప్పాడట.

"మన నాగుపాము ఆంటీ. ఇండియాలో మా ఇంటి వెనక తిరిగేదే. ఇక్కడ గ్లాస్ బాక్స్‌లో చూసేసరికి నాకు ఏడుపొచ్చింది."

నేనూ నా టెక్నీషియనూ పెట్టె తెరిచాం. అది లేచి పడగ విప్పింది. మన నాగుపాము పడగ వెనక రెండు గుండ్రాలు కలిసి కళ్ళజోడులా ఉంటాయి. మనవాళ్ళు కృష్ణపాదాలంటారు. దీని పడగమీద ఒకటే గుండ్రం. అంటే ఇది మన త్రాచు కాదు, దాని దాయాది. బెంగాల్ నుంచి థాయిలాండ్ వరకూ తిరిగే ఒంటికన్ను త్రాచు. ఇక్కడి పాముల వ్యాపారంలో ఎక్కువగా దొరికేది అదే. పడగ విప్పిన మొదటి క్షణంలోనే నాకు తెలిసింది.

చెప్పలేదు. కుర్రాడి మొహం చూస్తే ఆ సంతోషం తీసేయబుద్ధి కాలేదు. పైగా పర్మిట్ లేదు. పేరు ఫైలులో సరిగా రాస్తే తరవాత పని కూడా చేయాలి, అంటే అడ్రసు ఇవ్వాలి, గడువు పెట్టాలి, ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే వీసా ఏమవుతుందోనని అతను వణికిపోయాడు. మనవాడే కదా అనుకున్నాను. పొర తీసి, ఫైలులో ఉత్త 'పాము' అని రాసి పంపించాను. వాల్ట్ ఎర్ర పెన్ను నా సొరుగులోనే ఉంది.

బేస్‌మెంట్‌లో చవితి

ఆ ఏడాది నాగుల చవితికి సుధీర్ భార్య మాధవి నాలుగు ఇళ్ళవాళ్ళని పిలిచింది. చవితి మామూలు రోజున వస్తే మేము శనివారానికి జరుపుకుంటాం, ఇక్కడ దేవుళ్ళు కూడా సెలవు చూసుకునే రావాలి. ఇల్లినాయిలో పుట్టలు లేవు. హోమ్ స్టోర్ నుంచి మట్టి మూటలు తెచ్చి సుధీర్ బేస్‌మెంట్‌లో పుట్ట కట్టాడు. దాని వెనక గాజు పంజరం, అందులో పడగ విప్పిన పాము. వచ్చినవాళ్ళు పుట్టలో పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ పెట్టి, గాజు దగ్గర దండం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పదిహేను ఇళ్ళు. మూడో ఏడాదికి వాట్సాప్ గ్రూపే పెట్టారు.

పాము పాలు తాగదు, పంజరంలోకి చుక్క కూడా పోనివ్వకండి అని నేను గట్టిగా చెప్పాను. పిల్లల్ని గాజుకు రెండడుగుల దూరంలో నిలబెట్టించాను. నా బాధ్యత నెరవేర్చాననుకున్నాను.

ఒక నిజం చెప్పాలి. అంతకుముందు మా తెలుగువాళ్ళు తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్‌లకు వెళ్తే నేను వండినది ఎవరూ ముట్టేవాళ్ళు కారు. చేతులు కడుక్కున్నావా అని సరదాగానే అడిగేవాళ్ళు, కానీ గిన్నె నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. పాముల డాక్టరమ్మ అని చాటున అనుకునేవాళ్ళు. సుధీర్ ఇంట్లో చవితి మొదలయ్యాక అదే పేరు ఎదురుగా, గౌరవంగా పిలిచారు. నా చిమ్మిలి డబ్బా మొదట ఖాళీ అయ్యేది. అది నాకు ఎంత బాగుండేదో దాచను. ఆ పాము మన పాము కాదని చెబితే ఆ శనివారాలు పోతాయని నాకు తెలుసు.

మొదటి చవితినాడే మాధవి గాజు దగ్గర వంగి చూసి ఒక మాట అడిగింది.

"డాక్టర్ ఆంటీ, మా అమ్మమ్మ కృష్ణుడి రెండు పాదాలూ ఉంటాయని చెప్పేది. దీనికి ఒకటే ఉందేంటి?"

అందరూ నా వైపు చూశారు. "అమెరికాకి ఒంటికాలి మీద వచ్చాడమ్మా, రెండో కాలికి వీసా రాలేదు" అన్నాను.

బేస్‌మెంట్ అంతా నవ్వింది. సుధీర్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. పంజరం మీద 'ఇండియన్ కోబ్రా' అని అతను అందంగా ప్రింట్ చేసి అంటించిన కాగితం ఉంది. ఆ పూట ఎవరో దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టారు. మూడు చవితులూ ఆ కాగితాన్ని చూస్తూనే ప్రసాదం తిన్నాను.

శనివారం

సుధీర్ ఆ నాలుగేళ్ళూ ఇండియా వెళ్ళలేదు. తిరిగి రావడానికి వీసా స్టాంపు పడదేమోనని భయమని అందరికీ చెప్పేవాడు. అసలు కారణం బేస్‌మెంట్‌లో ఉంది. నీళ్ళు పెడతానని నేనే మాటిచ్చినా అతనికి మనసొప్పలేదు. అంతగా ప్రేమించాడు.

నాలుగో చవితి శనివారం పొద్దున తొమ్మిదింటికి, జనం వచ్చేలోగా గాజు మెరిసేలా తుడవాలని అతనొక్కడే కిందికి దిగాడు. తలుపు జరిపి, ఎడమచేత్తో కొంకి కర్ర అడ్డం పెట్టి, కుడిచేత్తో లోపలివైపు తుడుస్తున్నాడు. ఇద్దరుంటే ఒకరు పామును చూస్తారు, ఒకరు గాజును చూస్తారు. అతను గాజును చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కరిచింది. ఎలాగో తలుపు మూసేసి అక్కడే కూలబడ్డాడు.

మాధవి అంబులెన్స్ పిలిచింది. ఏ పామని వాళ్ళు అడిగితే పంజరం మీది కాగితం పీకి పట్టుకుని వెళ్ళింది. వాల్ట్ చెప్పినట్టే, అతను మాట్లాడలేని రోజున ఆమె చదివింది. తప్పు పేరు చదివింది. ఆసుపత్రివాళ్ళు విష చికిత్స కేంద్రానికి ఫోన్ చేసి, ఇండియాలో తయారైన విరుగుడు ఎక్కడుందో వెతికించారు. మధ్యాహ్నానికి వేరే రాష్ట్రం నుంచి హెలికాప్టర్‌లో వచ్చింది. ఎక్కించారు. ఆ మందు ఈ పాము విషాన్ని సరిగా పట్టుకోదు. కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, ఊపిరి అందక గొట్టం వేశారు. చెయ్యి మోచేతి దాకా నల్లబడుతోంది.

నాకు పొద్దున గ్రూపులో ఒక్క మెసేజ్ వచ్చింది, ఈరోజు పూజ క్యాన్సిల్ అని. ఎవరికో జ్వరమనుకున్నాను. చిమ్మిలి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, కాస్త ఉసూరుమంటూ కూరగాయలకు వెళ్ళాను.

ఫోటో

రెండున్నరకు విష చికిత్స కేంద్రం డాక్టర్ ఫోన్ చేసింది. ఆమె గొంతు ఇప్పటికీ గుర్తుంది. నెమ్మదిగా, స్పష్టంగా జరిగినదంతా చెప్పింది. మందు పనిచేయడం లేదనీ, పాము జాతి మీద తనకు అనుమానంగా ఉందనీ, నేను దాని వైద్యురాలినని అతని భార్య చెప్పిందనీ అంది. అది ఇండియన్ కోబ్రాయేనా అని అడిగింది.

నాకు ఫోటో అక్కర్లేదు. నాలుగేళ్ళుగా తెలుసు. ఒక్క మాట చెబితే చాలు.

"ఒక ఫోటో పంపించగలరా? చూసి చెప్తాను" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నిసార్లయినా చెప్పుకోగలను. వెంటనే చెబితే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. లైసెన్సు, పరువు, ఆ గ్రూపులోని పదిహేను ఇళ్ళు, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. మాధవి ఐసీయూలో సుధీర్ పక్కన ఉంది, ఆమె ఫోను బయట సంచిలో ఉంది. ఎవరో తీసి, పాత చవితి ఫోటో వెతికి పంపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను వంటింట్లో నిలబడి గడియారం చూశాను. ఫోటో రాగానే అప్పుడే చూసినదానిలా, ఇది మోనోకల్డ్ కోబ్రా, థాయిలాండ్ మందు కావాలి అన్నాను. ఆమె నాకు థాంక్స్ చెప్పింది.

ఆ మందు ఇంకా దూరం నుంచి చీకటిపడ్డాక చేరింది. సుధీర్ బతికాడు. పదకొండు రోజులు గొట్టం మీద ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. బొటనవేలు వంగదు. పామును రాష్ట్రంవాళ్ళు తీసుకెళ్ళారు, కేసయింది, జరిమానా కట్టాడు. వీసాకి ఏమీ కాలేదు. నేను అంత భయపడిన వీసాకి ఏమీ కాలేదు.

తరవాత రెండేళ్ళు సుధీర్ కనిపించినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు. డాక్టర్ ఆంటీ ఫోటో చూసి ఒక్క సెకండ్‌లో కనిపెట్టారు, లేకపోతే నేను లేను అని. నా రిటైర్‌మెంట్ పార్టీలో ఎడమచేత్తో మైకు పట్టుకుని కూడా అదే చెప్పాడు. నేను కేక్ కోశాను.

ఆ ఇరవై నిమిషాలు మిగిలితే వేళ్ళు దక్కేవా? పొద్దున తొమ్మిదికే సరైన పేరు ఆ కాగితం మీద ఉంటే? మొదటిది డాక్టర్లు చెప్పలేమన్నారు. రెండోది నేను ఎవరినీ అడగలేదు.

మాధవి

సుధీర్‌కి ఈ మధ్యే నిజం చెప్పాను. చివరిదాకా విని, సరే ఆంటీ అని లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఫోన్ చేయడం మానేశాడు. అది న్యాయమే. కానీ అతనికంటే ముందు మాధవికి చెప్పాను.

ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. సుధీర్ లేడు. మాధవి సోఫాలో కూర్చుని అతని చొక్కాల గుండీలు కత్తిరించి, వాటి చోట అంటుకునే పట్టీ కుడుతోంది. ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోవడం కష్టమట. మొదటి రోజు పడగ చూసినప్పటినుంచి ఫోటో అడిగినదాకా మొత్తం చెప్పాను. ఆమె కుట్టడం ఆపలేదు.

"నాకు తెలుసు ఆంటీ" అంది.

ఎలా తెలుసన్నాను.

"ఫస్ట్ ఇయర్ అడిగింది నేనే కదా. మీరు జోక్ చేశారు. నేనూ నవ్వాను. ఐసీయూ దగ్గర ఎవరో వచ్చి, డాక్టర్ ఆంటీ పాము ఫోటో అడుగుతున్నారు అనగానే నాకు అర్థమైపోయింది. నాలుగేళ్ళు చూసినావిడకి ఫోటో ఎందుకు?"

సుధీర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు చెప్తారేమోనని చూశాను, రెండేళ్ళు చూశాను అంది. తను మాత్రం చెప్పనంది, అది మీరే చెప్పాలంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే తేలికగా ఉండేది.

కాసేపటికి సూది పక్కన పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ. దానికి ఒకటే పాదం ఎందుకుంది?"

"అది మన పాము కాదమ్మా. వేరే జాతి. దానికి మందు కూడా వేరే" అన్నాను.

అంతే, మూడు చిన్న వాక్యాలు. ఆమె తల ఊపి, ఒళ్ళోని చొక్కా తిప్పి, తరవాతి గుండీ కత్తిరించింది.